పాకం చేతికి పొడిచిన సూది

సత్తియ్య పాకం చూశాడంటే బెల్లం దిమ్మకు ఇక తిరుగులేదు. రావికమతం చుట్టుపక్కల చెరకు రైతులందరికీ ఆ సంగతి తెలుసు. మరుగుతున్న పెనంలోంచి కాస్త పాకం తీసి, పక్కనున్న గిన్నె నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూస్తాడు. నోట్లో మాత్రం వేసుకోడు. షుగరుందని తేలిననాడే బెల్లం ముట్టనని పెళ్లాం లోవమ్మకు మాటిచ్చాడు.

లోవమ్మ నమ్మితేగా! పొద్దస్తమానం బెల్లం దగ్గరుండే మనిషి తినకుండా ఉంటాడా అని ఆవిడ అనుమానం. అనకాపల్లిలో ఉండే కూతురు ఇందు, వేలికి పొడిచి షుగరు చూసే మిషను కొనిచ్చి, "సేతులు కడిగి సూడమ్మా" అని మరీ మరీ చెప్పింది. లోవమ్మ కడగకేం, కడిగేది. టిఫిను పట్టుకుని పొయ్యి దగ్గరకు వెళ్లి, మొగుడి చెయ్యి ఆ పాకం చూసే గిన్నెలోనే ముంచి, కొంగుతో తుడిచి పొడిచేది. దగ్గర్లో ఉన్న నీళ్లు అవే మరి.

"మూడొందల ఎనభై! ఏటి మావా, మళ్లీ నాకేసేవా?"

"నేదే. నీ మీద ఒట్టు."

"మిషను అబద్దం సెప్తాదా?"

పొయ్యిలో పిప్పి ఎగదోసే పరదేశి, "బెల్లం వండీవోడు కూసింత రుసి సూడడా అక్కా?" అని ఇకిలించేవాడు. అంతే, ఆవిడ నోటికి హద్దుండేది కాదు. పదిమంది ముందూ దొంగ అంది, అబద్ధాలకోరు అంది. వారం రోజులు ఇదే వరస. అన్నం సగానికి తగ్గించింది. డాక్టరును అడగకుండా, పొద్దుటి మాత్రకు ఇంకో మాత్ర కలిపింది. సత్తియ్య కిక్కురుమనకుండా మింగాడు. చివరి రెండు రోజులూ ఒట్టు పెట్టడం కూడా మానేశాడు. దొరికిపోయాడు కాబట్టే నోరు లేవడం లేదనుకుంది లోవమ్మ.

మంగళవారం పొద్దున్న పెనం పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే తూలాడు. ఒళ్లంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. పరదేశి రెక్క పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే కాగే పాకంలో పడేవాడు. ఆటోలో అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి షుగరు నలభై ఒకటి. గ్లూకోజు ఎక్కిస్తే ప్రాణం నిలబడింది.

డాక్టరమ్మ నరంలోంచి రక్తం తీయించి మూడు నెలల పరీక్షకు పంపింది. సాయంత్రం కాగితం చూసి, "ఇది మూడు నెలల సగటమ్మా. ఆరున్నర ఉంది. ఆయన పథ్యం చక్కగా చేస్తున్నారు. ఇన్ని మాత్రలు ఎందుకేశారు?" అంది.

"మిషన్లో మూడొందలు దాటి సూపించింది డాక్టరమ్మా. సేతులు కడిగే పొడిసేను."

"ఏ నీళ్లతో?"

లోవమ్మ చెప్పింది. "ఆ నీళ్లలో బెల్లం కలిసుంటుంది కదమ్మా," అంది డాక్టరమ్మ. " వేలికి అంటుకున్న తీపినే మిషను లెక్క కట్టింది. ఇక నుంచి సబ్బుతో, మంచినీళ్లతో కడిగి చూడండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు మార్చకండి."

మొగుణ్ణి నిలువునా చంపుకునేదాన్నే కదా అనుకుంది లోవమ్మ. అంతకంటే పెద్ద పాపం, ఆ మనిషి నిజం చెబుతుంటే ఊరందరి ముందూ పరువు తీసింది. సిగ్గుతో అతని మంచం దగ్గరకు వెళ్లడానికి కాళ్లు రాలేదు.

వెళ్లేసరికి సత్తియ్య కళ్లు తెరిచి ఉన్నాడు. ఆవిణ్ణి చూడగానే సూది లేని చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టబోయాడు.

"తప్పైపోనాది లోవా. ఇంక ముట్టుకోను. తిట్టకే."

లోవమ్మ ఆ చెయ్యి పట్టుకుని బావురుమంది. "నువ్వు ముట్టుకోనేదు మావా. తప్పంతా నాది. నేను నీ సెయ్యి కడిగిన నీల్లలోనే బెల్లముంది. నీ రగతం మంచిగుందంట."

సత్తియ్య ఆవిడ ముఖంలోకి చూసి, భయంభయంగా, ఆవిడకే బాగా తెలుసన్నట్టు అడిగాడు.

"అయితే నేను తిననేదా, లోవా?"