అవ్వ సగం చేసిన మందు

రోజుకు రెండు పూటలా ఆస్తమా మందు పీల్చడం నా జీవితంలో క్రమం తప్పని ఏకైక పని. గొట్టంలో క్యాప్సూల్ పెట్టి తిప్పడం, లోపలి పొడిని గట్టిగా పీల్చి ఊపిరి బిగబట్టడం, ఆ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయడం. పుక్కిలించకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. నాకొకసారి వస్తే మీగడ అనుకున్నాను.

ఆ ఏడు మెట్‌పల్లిలో పసుపు పనులు జోరుగా ఉన్నాయి. మా ఇంటి పక్క కళ్లంలో డ్రమ్ము తిప్పి కొమ్ములకు మెరుగు పెడుతుంటే, వీధిలో గాలికి కూడా నలుగు పెట్టినట్టుండేది. మందు తప్పకుండా పీలుస్తూనే ఉన్నా, ఒక మధ్యాహ్నం నా ఛాతీ షట్టర్ దించేసింది. బాపు బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, వెనకాల ఆటోలో వచ్చింది.

మందు ఆవిరి పట్టిన మాస్కు తీశాక డాక్టర్ నావైపు అనుమానంగా చూశాడు.

"గీ మందు ఆయాసం రాకుండ ఆపేది. మంచిగున్నదని బంద్ పెడితే గిట్లనే అయితది. నిజం చెప్పు, రోజు పీలుస్తున్నవా?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ ముందుకొచ్చింది. "ఒక్క పూట తప్పడు సారూ. నా కండ్ల ముంగటనే పీలుస్తడు."

ఫీజు లేని వకీలు. మనసు నిండిపోయింది.

కొన్నాళ్లకు బజారుకు బయలుదేరి, బండి తాళం మరిచి వెనక్కొచ్చాను. వంటింట్లో అవ్వ నా క్యాప్సూళ్లను స్టీలు పళ్లెంలో పోసుకుంది. బియ్యంలో రాళ్లు ఏరేంత శ్రద్ధగా ఒక్కొక్కటీ విప్పి, కాస్త పొడి తట్టి, మళ్లీ మూసి డబ్బాలో వేస్తోంది.

"ఏం చేస్తున్నవే అవ్వా?"

"సగమే తీస్తున్న బిడ్డా. మొత్తం తీస్తలే."

"కూరల కారం తగ్గించినట్టా?"

"నవ్వకురా. స్టెరాయిడంట గది! మోకాళ్ల నొప్పులకు గసొంటి గోలీలే మింగి మీ పెద్దమ్మ మొఖం గుమ్మడికాయ లెక్క ఉబ్బలేదా?"

"అవి మింగేటివి, ఒళ్లంత పోతయ్. ఇది పీల్చేది, జరంతే ఉంటది, ఊపిరితిత్తులకే పోతది. తగ్గించాల్నంటే డాక్టరే తగ్గిస్తడు. గాయిన అడిగిననాడు ఎందుకు చెప్పలే?"

"నువ్వు పీలుస్తున్నవా అని అడిగిండు. నేను తీస్తున్ననా అని అడిగిండా?"

నా వకీలే ముద్దాయి. చాలా కేసుల్లో ఇంత సౌకర్యం ఉండదు. నవ్వుదామనుకున్నాను, రాలేదు. ఆ మధ్యాహ్నం ఆటోలో ఏడుస్తూ వచ్చింది కూడా ఈమే.

మర్నాడు అవ్వను ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టర్ చెప్పిందంతా తల ఊపుతూ విన్నది. కొత్త డబ్బా ఇప్పించింది.

ఇప్పుడు పుక్కిలించడానికి చెంబుతో నీళ్లు తనే తెచ్చి నిలబడుతుంది. గొట్టంలో పెట్టేముందు నేను క్యాప్సూల్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాను. అవ్వ తల పక్కకు తిప్పుకుంటుంది.

అన్నం మాత్రం ఇంకా చూడకుండానే తింటున్నాను.