డైరెక్ట్ చేసిన తీగ

ఆటోనగర్‌లో జయకృష్ణ షెడ్డెక్కడని అడిగితే, “ఎవరూ, ఆ తిట్టే ఆయనా?” అని ఎదురడిగి మరీ దారి చూపించేవాళ్ళు. నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిదని పేరు. లారీలకి వైరింగ్ చేయడంలో ముప్పై రెండేళ్ళు అరగదీశాడు. బండి తెచ్చినవాణ్ణి ముందు ఓ పది నిమిషాలు చెడామడా తిట్టి, ఆ తర్వాతే టెస్ట్ ల్యాంపు చేతికి తీసుకునేవాడు. అయినా కైకలూరు చేపల బండ్ల దగ్గర్నుంచి కొండపల్లి బూడిద లారీల దాకా ఆ షెడ్డు ముందే ఆగేవి.

అతని తిట్లలో సగం ఒకే ఒక్క మాట మీద. డైరెక్ట్ చేయడం. ఫ్యూజు మాటిమాటికీ పోతోందా, దాన్ని తీసి పారేసి రెండు కొసలూ కలిపెయ్. స్విచ్చి మొరాయిస్తోందా, డైరెక్ట్ చేసెయ్. బండి కదులుతుంది, డ్రైవరు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు, తర్వాత ఏమైతే మనకెందుకు? ఆటోనగర్‌లో సగం బండ్లు ఇలాగే తిరుగుతున్నాయి. జయకృష్ణ మాత్రం చచ్చినా చేసేవాడు కాదు. పని నేర్చుకునే రోజుల్లో, ఫ్యూజు డైరెక్ట్ చేసిన లారీ ఒకటి నడిరోడ్డు మీద నిలువునా తగలబడుతుంటే కళ్ళారా చూశాడు. అప్పట్నుంచీ ఎవడైనా ఆ మాటెత్తితే అరికాలి మంట నెత్తికెక్కేది. “డైరెక్టుగా కాటికే పోరాదూ, మధ్యలో నేనెందుకు?” అనేవాడు.

అలాంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, డైరెక్ట్ చేశాడు. అదీ ఎవరికి? సొంత అన్నలా చూసుకునే బసవయ్యకి.

బసవయ్యది హనుమాన్ జంక్షన్ దాటాక లోపలికి వెళ్తే వచ్చే ఊరు. ఎకరన్నర పొలం, ఓ ఆరు చక్రాల పాత లారీ. ధాన్యం బస్తాలు మిల్లులకి తోలేవాడు. అరవై దాటింది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. లారీ క్యాబిన్‌లోకి ఎక్కడమంటే మామూలు మనిషికే చిన్న గోడెక్కినంత పని. పైగా ఆ బండికి బ్రేకులు గాలితో పనిచేస్తాయి. పొద్దున ఇంజన్ వేశాక గాలి నిండడానికి పది నిమిషాలు పడుతుంది. ఈలోగా డ్రైవరన్నవాడు కిందకి దిగి టైర్లు కొట్టి చూసుకుంటాడు, తాళ్ళు బిగిస్తాడు, కాఫీ తాగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. అంటే రోజు మొదలవకుండానే రెండుసార్లు ఎక్కాలి. ఆ రెండో ఎక్కుడు దగ్గరే బసవయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

భార్య రావమ్మ పోరు ఒకటే. “ఇంక బండి దిగవయ్యా, అమ్మిపారెయ్యి. ఇంకో రెండు గేదెల్ని పెట్టుకుని బతుకుదాం.” ఆ మాటంటే బసవయ్యకి ప్రాణం పోయినట్టుండేది. ఇరవై ఆరో ఏట పట్టుకున్న స్టీరింగు. అది వదిలితే తను ఎవరో తనకే తెలియదని భయం.

కార్లకి ఉన్నట్టు లారీకి కూడా రిమోట్ స్టార్టర్ పెట్టొచ్చని ఎవరో చెప్పారు. అరుగు మీద కూర్చుని బటన్ నొక్కితే చాలు, ఇంజన్ లేస్తుంది, గాలి నిండుతుంది, ఒక్కసారే ఎక్కొచ్చు. బసవయ్య సంబరంగా బజార్లో ఒకటి కొని సంచిలో వేసుకుని జయకృష్ణ షెడ్డుకి వచ్చాడు.

జయకృష్ణ డబ్బా విప్పి చూసి దణ్ణం పెట్టాడు. “అన్నయ్యా, ఇది కారు సరుకు. పన్నెండు వోల్టులది. నీ బండి ఇరవై నాలుగు. పెట్టిన గంటలో కమురు వాసనొస్తది. తీసుకెళ్ళి వాడి మొహానే కొట్టు.”

“మరెట్టారా? నా మోకాళ్ళు నీకిత్తా, ఓ రోజు ఎక్కి చూడు.”

“ఆగవయ్యా బాబూ. నేను తెప్పిస్తా.”

తెప్పించింది మంచి రకం. దానికి ఒక తీగ అదనంగా ఉంటుంది. గేర్‌బాక్సు మీద చిన్న స్విచ్చి పెట్టి ఆ తీగ దానికి కలపాలి. బండి న్యూట్రల్‌లో ఉంటేనే స్విచ్చి కలుస్తుంది, అప్పుడే రిమోట్ పనిచేస్తుంది. గేరులో ఉంటే ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. ఈ డెల్టాలో ఏ డ్రైవర్నడిగినా చెబుతాడు, హ్యాండ్ బ్రేకుని నమ్ముకుని బండి ఆపేవాడు లేడు. కాలవ గట్ల మీద లోడు ఎత్తేటప్పుడు ఫస్టు గేరులో వేసి, టైరు కింద రాయి పెట్టి దిగుతారు. అలా గేరులో ఉన్న బండిని దూరం నుంచి స్టార్ట్ చేస్తే ఒక్క ఉదుటున ముందుకి ఉరుకుతుంది. ఆ ఒక్క తీగ కోసమే జయకృష్ణ రెండు రోజులు బండి కింద పడుకుని పనిచేశాడు.

బండిని తనే ఊరిదాకా తీసుకెళ్ళాడు. రావమ్మ అనుమానంగా చూస్తుంటే ఆమె ఎదుటే ఫస్టు గేరు వేసి, దిగి, బటన్ నాలుగుసార్లు నొక్కాడు. బండి కదల్లేదు. “చూశావా వదినా, గేరులో ఉంటే దేవుడొచ్చి నొక్కినా లేవదిది. నువ్వు నిశ్చింతగా ఉండు” అన్నాడు. రావమ్మ నవ్వి, చేపల పులుసుతో అన్నం పెట్టింది. మోకాళ్ళ మనిషి వంగలేడు కాబట్టి టైరు కింద రాయి తీసే పని అప్పటికే ఆమెది. శుక్రవారం వస్తే బంపరు కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది కూడా ఆమే.

రెండు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత వానలు పట్టుకున్నాయి. చేలల్లోంచి, పుంత బాటల్లోంచి తిరిగే బండి. బురద వెళ్ళి స్విచ్చిలో దూరింది. న్యూట్రల్‌లో ఉన్నా రిమోట్ పలకడం మానేసింది. బసవయ్య వచ్చాడు. జయకృష్ణ తుడిచి పంపాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తుడిచాడు. మూడోసారి వచ్చేసరికి కోతలు జోరుగా ఉన్నాయి, షెడ్డు ముందు తొమ్మిది బండ్లు బారు తీరి ఉన్నాయి.

“ఆ తీగ తీసి డైరెక్ట్ చేసి పారెయ్‌రా.”

“కొత్త స్విచ్చికి చెప్తా. నాలుగు రోజులాగు.”

“నాలుగు రోజులు నేనెట్టా ఎక్కి దిగాల? మొన్న మెట్టు మీదే కాలు పట్టేసి పడబోయా. మీ వదిన చూసింది. ఇంకోసారి చూసిందంటే బండి అమ్మేదాకా అన్నం ముట్టదు. నేనెప్పుడూ న్యూట్రల్‌లోనే పెడతా, నా మీద ఒట్టు.”

జయకృష్ణ తిట్టాడు. కుదరదన్నాడు. బసవయ్య అక్కడే స్టూలు మీద కూర్చుని ప్యాంటు పైకి లాగి మోకాళ్ళు చూపించాడు. రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. అవతల తొమ్మిది హారన్లు. సరే, నాలుగు రోజులకే కదా అనుకుని బండి కింద దూరి రెండు కొసలూ కలిపి టేపు చుట్టాడు. ఒక్క నిమిషం పని.

కొత్త స్విచ్చి వచ్చింది. షెడ్డులో మేకుకి వేలాడదీశాడు. బసవయ్య రాలేదు, ఎందుకొస్తాడు, బండి బ్రహ్మాండంగా స్టార్టవుతుంటే? జయకృష్ణ రేపు ఫోన్ చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూనే ఉన్నాడు. అలా నాలుగు నెలలు. ఛీ, ఎంత తేలిగ్గా గడిచిపోతాయో రోజులు!

బసవయ్య మాట నిలబెట్టుకున్నాడు, ఒక్క రోజు తప్ప. ఆ గురువారం మిల్లు దగ్గర మూడు లోడ్లు దింపి, కాళ్ళు తేలిపోతుండగా ఇంటికొచ్చాడు. చెయ్యి ముప్పై అయిదేళ్ళుగా చేసిన పనే చేసింది. ఫస్టు గేరులో వేసి దిగిపోయాడు. మర్నాడు పొద్దున రావమ్మ టైరు కింద రాయి తీసి పక్కన పెట్టి, బంపరుకి పసుపు రాస్తోంది. ఎదురుగా గేదెల పాక గోడ. బసవయ్య అరుగు మీద మోకాలి పట్టీ బిగించుకుంటూ, ఆమెని చూస్తూనే, బటన్ నొక్కాడు. చూస్తూనే! రోజూ అంతే, ఆమె అక్కడే ఉంటుంది, బండి అక్కడే లేస్తుంది. భయపడాలని ఎవరికి తోస్తుంది?

బండికీ గోడకీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

జయకృష్ణకి ఫోన్ చేసింది బసవయ్యే. “మీ వదిన పోయిందిరా. బండి గేరులో ఉంది” అన్నాడు. పోలీసులు వచ్చారు, గేరు చూశారు, డ్రైవరు మర్చిపోయాడని రాసుకున్నారు. బండి కింద దూరి ఆ టేపు చుట్టిన చోటు ఎవరూ చూడలేదు. దహనం దగ్గర బసవయ్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో చెప్పాడు. “నువ్వు నోరెత్తొద్దు. ఎవరితోనూ.”

తనని కాపాడటానికే అలా అన్నాడని జయకృష్ణ అనుకున్నాడు. అది అతన్ని లోపల్లోపల తినేసింది. పదిరోజులు షెడ్డు తీయలేదు. ముద్ద దిగలేదు. ఊళ్ళోవాళ్ళు ‘మతిమరుపు ముసలాడు పెళ్ళాన్ని చేజేతులా చంపుకున్నాడు’ అంటున్నారని తెలిసి ఇంకా కుమిలిపోయాడు. తప్పు తనదైతే మాటలు ఆయన పడుతున్నాడు. కన్నకూతురు కూడా తండ్రితో మాట్లాడటం లేదట. చెప్పేయాలి, ఏమైనా కానీ, షెడ్డు మూతపడినా సరే, ఆయన్ని ఆ కూతురి ముందు నిర్దోషిగా నిలబెట్టాలి అనుకున్నాడు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వెనక వసారాలోకి వెళ్ళాడు. బసవయ్య కూతురు సింధూరి బెజవాడలో టీచరు. తండ్రి చొక్కాలు, మందులు ఒక బ్యాగులో సర్దుతోంది.

“రండి బాబాయ్. నాన్నని నాతో తీసుకెళ్ళిపోతున్నా. పదిరోజులు ఆయన మొహం చూడలేకపోయాను. రాత్రంతా ఆలోచిస్తే అనిపించింది, మర్చిపోవడం కూడా నేరమేనా అని. నేను స్టవ్ ఆపకుండా స్కూలుకి వెళ్ళిపోలేదా ఎన్నిసార్లు! ఆయన మాత్రం కావాలని చేశాడా? ఇందాక నా చేత్తో రెండు ముద్దలు పెట్టాను. తిన్నాడు.”

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తిట్టడానికి తప్ప మరి దేనికీ తెరుచుకోని ఆ నోరు ఆవేళే తెరుచుకోవాలా!

“ఆయన తప్పు అసలు లేదమ్మా. తప్పంతా నాది” అని మొదలుపెట్టి, స్విచ్చి సంగతీ తీగ సంగతీ మొత్తం చెప్పేశాడు. సింధూరి చొక్కా మడత పెడుతూ పెడుతూ ఆగిపోయింది.

“అంటే గేరులో ఉన్నా ప్రమాదం జరగకుండా ఒకటి ఉండేదన్నమాట.”

“ఉండేదమ్మా. నేను డైరెక్ట్ చేశాను.”

“మీ అంతట మీరే చేశారా?”

అవునంటే అయిపోయేది. పదిరోజులుగా ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నవాడు ఈ ఒక్క ప్రశ్న వస్తుందని అనుకోలేదు. “వానలకి మొరాయిస్తుంటే... కోతల రోజులు...” అని నసిగాడు.

“నాన్న తీయమన్నాడా?”

జయకృష్ణ తల దించుకున్నాడు.

“ఎన్నాళ్ళైంది తీసి?”

“నాలుగు నెలలు.”

“నాలుగు నెలలు ఆ బండి ముందు రోజూ వంగింది అమ్మ. గేరులో ఉంటే లేవదని నాకు కూడా గొప్పగా చెప్పింది ఫోన్లో. తీసేశారని ఒక్కరూ చెప్పలేదా ఆవిడకి?”

ఆమె లేచి ముందు అరుగు మీదికి వెళ్ళింది. జయకృష్ణ వెనకే వెళ్ళాడు. “అమ్మకెందుకు చెప్పలేదు నాన్నా?” అని అడిగింది. బసవయ్య ముందు కూతుర్ని, తర్వాత ఆమె వెనక నిలబడ్డ జయకృష్ణని చూశాడు. ఏం జరిగిందో అర్థమైంది. అబద్ధమాడే ఓపిక కూడా లేదాయనకి.

“చెప్తే బండి దిగమనేదమ్మా” అన్నాడు.

సింధూరి లోపలికి వెళ్ళి బ్యాగులోంచి తండ్రి చొక్కాలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టేసింది. మందులు మాత్రం అరుగు మీద ఆయన పక్కన పెట్టింది. చెప్పులేసుకుని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.



“నోరెత్తొద్దన్నది నీకోసమనుకున్నావట్రా?” అన్నాడు బసవయ్య, ఆమె కనుమరుగయ్యాక. గొంతులో కోపం లేదు. “నా కోసంరా. మర్చిపోయినోణ్ణి క్షమిస్తారు. తెలిసి చేసినోణ్ణి ఎవరు క్షమిస్తారు?”

జయకృష్ణ ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు.

“పోన్లే. చెప్పేశావుగా. నీకైనా గుండె బరువు దిగిందా?” అని అడిగాడు బసవయ్య. దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

దిగింది. పదకొండు రోజుల్లో మొదటిసారి జయకృష్ణకి ఊపిరి నిండా ఆడుతోంది, ఆకలి కూడా వేస్తోంది. అది తెలిసి తనమీద తనకే అసహ్యమేసింది. ఇందాక సింధూరికి చెప్పాల్సిన అబద్ధం నోటికి రానివాడికి ఈసారి చప్పున వచ్చింది.

“లేదన్నయ్యా” అన్నాడు.