గ్రేసమ్మ పెట్టిన ఐదు నిమిషాలు

అది 2022. ఆండర్సన్‌పేటలో నాకు కంప్యూటర్లు, రేడియోలు బాగుచేసే చిన్న అంగడి ఉంది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పెద్దాయన శామ్యూల్ అప్ప తన పాత ల్యాప్‌టాప్‌ను గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు. మూడోసారి! నాకసలే ఓపిక తక్కువ.

ఆయన ఒకప్పుడు చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవరు. అంటే మనుషుల్ని గని లోపలికి దించి, పైకి లాగే ఇనుప బోనును నడిపినవాడు. ఇంట్లోంచే దేశదేశాల వాళ్లతో సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియోకు లైసెన్సు కూడా ఉంది. జపాన్‌లో ఒక రైల్వే ఉద్యోగితో ఇరవై ఏళ్లు మోర్స్‌లో, అంటే పొడుగూ పొట్టీ కూతలతో, కబుర్లాడాడు. ఇంజిన్ హోరుకు సగం పోయిన వినికిడి, వయసుతో పూర్తిగా పోయింది.

అందుకని నేనే ఆయనకు ఎఫ్‌టీ8 నేర్పాను. రొదలో మునిగిపోయి చెవికి అందని సిగ్నల్‌ను కూడా ఈ సాఫ్ట్‌వేర్ పట్టుకుని డీకోడ్ చేస్తుంది, అంటే అక్షరాలుగా విప్పి తెర మీద చూపిస్తుంది. కళ్లుంటే చాలు. ప్రతి శనివారం సాయంత్రం పిలుస్తానని జపాన్ ఆయన ఉత్తరం కూడా రాశాడు. నాలుగు శనివారాలు గడిచాయి. అప్ప ఇంట్లో తెర ఖాళీ. నా అంగట్లో పెడితే అదే ల్యాప్‌టాప్ నిక్షేపంగా పనిచేసేది. కేబుల్ మార్చాను, ఏరియల్ మార్చాను. ఊహూఁ.

"ఈ శనివారమూ రాకపోతే రేడియో ఎవురికన్నా ఇచ్చేస్తానమ్మా," అన్నాడు. "ఆయప్ప పాపం పిలుస్తా ఉంటాడు. నేను పలికేదే లేదు. బేజారైపోయినాది."

"సుమ్నే గమ్మునుండప్పా, నేనే వస్తా" అని కాగితం మీద రాసి చూపించాను.

శనివారం మూడున్నరకు, గని కార్మికుల వరస ఇళ్లలో ఉన్న వాళ్ల లైన్ ఇంటికి వెళ్లాను. అప్ప ల్యాప్‌టాప్ ఆన్ చేశాడు. గోడ గడియారం వైపు చూశాడు. దాన్ని చూసి కంప్యూటర్ టైమ్ తిప్పిపెట్టాడు. ఎక్కడ చెడుతోందో అప్పుడు తెలిసింది.

ఎఫ్‌టీ8కి గడియారమే ప్రాణం. పదిహేను సెకన్లకొక వంతు. పంపడమైనా వినడమైనా అందరూ వంతు మొదట్లోనే మొదలుపెట్టాలి. మూడు సెకన్లు తేడా వచ్చినా ఏమీ కనబడదు. నా అంగట్లో ఇంటర్నెట్ దానంతటదే టైమ్ సరిచేస్తుంది. ఈ ఇంట్లో ఇంటర్నెట్టే లేదు.

"ఎంత పని చేసినావప్పా! ఆ గడియారం ఐదు నిమిషాలు ముందు పోతా ఉండాది!" అని అరిచాను. ఆయనకు వినబడదని గుర్తొచ్చి, అదే రాసిచ్చాను.

చదివి, గడియారం వైపు చూశాడు.

"ముందు పోయేది కాదమ్మా. గ్రేసు పెట్టింది. షిఫ్టుకు లేట్ అయితానని పెండ్లయిన కొత్తలోనే ఐదు నిమిషాలు ముందు పెట్టింది. ఒక్క దినమూ లేట్ కాలేదు నేను. ఆమె పోయినాక గడియారం సెల్ మార్చినప్పుడు కూడా అట్లే పెడతా ఉండాను." స్టూలు గోడ దగ్గరికి జరిపి, "ఇంగేం చేసేది, సరిచెయ్యి" అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నా నోటిని తిట్టుకుంటూ స్టూలెక్కాను. ముల్లు మీద చెయ్యి పడలేదు. నా ఫోన్‌తో పోల్చి చూస్తే ఆ గడియారం ఐదు నిమిషాల ఏడు సెకన్లు ముందుంది. అప్పుడు తట్టింది మొద్దు బుర్రకు! ఐదు నిమిషాలంటే సరిగ్గా ఇరవై వంతులు. సాఫ్ట్‌వేర్‌కు వంతు మొదలు కలిస్తే చాలు, అది ఏ నిమిషమో దానికి పట్టదు. చెడగొడుతున్నది ఆ ఏడు సెకన్లే.

గడియారం సెల్ తీశాను. ఏడు లెక్కపెట్టాను. మళ్లీ వేశాను.

"ఎంత తీసేసినావు?" అన్నాడు అప్ప భయంగా.

ఏడు వేళ్లు చూపించి, కాగితం మీద రాశాను: "ఏడు సెకన్లే. గ్రేసమ్మ పెట్టిన ఐదు నిమిషాలు అట్లే ఉండాయి."

గడియారం చూసి కంప్యూటర్ టైమ్ మళ్లీ పెట్టాడు. కూర్చున్నాం. వరుస మీద వరుస తెర మీదికి రాసాగింది. నాలుగు దాటాక, మైనస్ పంతొమ్మిది బలంతో, అంటే ఎంత మంచి చెవికైనా చిక్కనంత సన్నగా, రేడియోలో పేరులాంటి జపాన్ ఆయన కాల్‌సైన్ వచ్చింది. పక్కనే అప్పది. పేరు పెట్టి పిలుస్తున్నాడు! అప్ప జవాబు నొక్కాడు. రెండు నిమిషాల్లో చివరి మాట వచ్చింది: 73. మా రేడియోవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే శుభాకాంక్ష అది. అప్ప ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

గోడ గడియారాలు నెలకు కొన్ని సెకన్లు జరుగుతాయి. అందుకే నెలకోసారి ఆ ఇంటికి వెళ్లి సెకన్లు మాత్రం సవరించి, ఆయన పెట్టే టీ తాగి వస్తున్నాను. ఇప్పుడు ఎవరింట్లో గడియారం తప్పుగా కనబడినా, చెయ్యి వేసే ముందు ఒక మాట అడుగుతాను: ఇది ఎవరు పెట్టిన టైమ్?