చదివి ఊదిన పేజీ

వరంగల్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి నర్సు రుహీ జర్మనీలో ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటోంది. పాఠాలంటే విసుగు, ఆ భాషలో హత్యల నవలలంటే ప్రాణం. పని కాస్త తెరిపి ఇస్తే చాలు, చిన్నప్పుడు ఖురాన్ నేర్చుకున్న అలవాటుగా ఊగుతూ, పెదవులు కదుపుతూ చదువుతుంది. వార్డులో మూల మంచం మీది ముసలి రోగి సమ్మమ్మ అది దువా, దేవుడి ప్రార్థన, అనుకుంది. తన ఊరు మరిపెడలో పిల్లలకు జ్వరమొస్తే సాయబు చేత దువా చదివించి నుదుటి మీద ఊదించిన మనిషి ఆమె.

ఓ మధ్యాహ్నం సమ్మమ్మకు ఊపిరి అందలేదు. డాక్టరు పెదవి విరిచి వెళ్లిపోయాడు. "బిడ్డా, నాకు జర సదివి ఊదు," అంది ఆమె రుహీతో. రుహీ నవల మూసి, నిజమైన దువానే అందుకుంది. సమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "గది గాదు బిడ్డా. నువ్వు రోజు సదివేది."

రుహీ మళ్లీ నవల తెరిచింది. కథలో హంతకుడు మెట్లెక్కుతున్నాడు. అతడు తలుపు తట్టేదాకా గొంతు వణకకుండా చదివి, చల్లబడుతున్న నుదుటి మీద మెల్లగా ఊదింది.