షావుకారి మెచ్చని గోలీ

త్రినాధరావు మా అనకాపల్లి ఫుట్‌బాల్ జట్టుకి మ్యానేజరు. జన్మలో బంతిని తన్నిన పాపాన పోలేదు. పెద్ద బెల్లం షావుకారు, మా జెర్సీలు ఆయన కుట్టించినవి, అందుకని మ్యానేజరు. కుర్రాళ్లకి గెలుపు నూరిపోయడంలో ఆయనంతటివాడు లేడని ఊరంతా అనేది. ఆ జట్టులో హాఫ్ బ్యాక్‌గా ఆడినవాణ్ణి, ఆ నూరిపోసింది ఏమిటో నాకు తెలుసు.

మా ఊరి బెల్లం కొట్లలో ఒక పద్ధతి ఉంది. రైతు బండి దింపగానే కొనేవాడు దిమ్మ అంచు చిదిపి నోట్లో వేసుకుని మొహం చిట్లిస్తాడు. ఎంత మేలైన బెల్లమైనా సరే, ఉప్పగా ఉందంటాడు, పాకం ముదిరిందంటాడు. రైతు నీరుగారితే ధర దిగుతుంది. రైతూ తక్కువవాడు కాదు, తన సరుకుని ఆకాశానికెత్తుతాడు, ఇద్దరూ ఎక్కడో ఒకచోట కలుస్తారు. త్రినాధరావు మీసం మొలిచినప్పటినుంచీ కొనడమే తప్ప అమ్మి ఎరగడు. మద్రాసు వ్యాపారులకి కొనిపెట్టడమే ఆయన పని. ఆ నోట మంచి మాట విన్నవాడు ఊళ్లో లేడు.

ఆ నోటినే తెచ్చి మా మీద పెట్టాడు. గొడుగు వేసుకుని గీత పక్కన నిలబడి, అవతలి జట్టు వినేలా మమ్మల్ని తీసిపారేసేవాడు. కన్నబాబుకి ఊపిరి లేదట, నాకు కాళ్లలో పస లేదట. అలా అంటే పౌరుషం పుట్టుకొస్తుందట! పౌరుషం కాదు, వచ్చిన ఆట కూడా మరిచిపోయేవాళ్లం. గెలిస్తే ఆయన తిట్ల మహిమ, ఓడితే మా రకం తక్కువ. సిగ్గులేని మనిషి.

వలి మా గోలీ, గోలు కాసేవాడు. పగలంతా రేకుల కొట్టులో తల్లి నాగూర్‌బీ పక్కన కూర్చుని సీసం కరిగించి డబ్బాలు అతికేవాడు, సాయంత్రం మైదానానికి వచ్చేవాడు. అతని చేతిలో పడ్డ బంతి జారడం అప్పటికి నేను చూడలేదు. వాల్తేరు రైల్వే జట్టులో చోటు దొరికితే రైల్వేలో ఉద్యోగం కూడా ఇచ్చేవారు. అతుకుల పొగకి నాగూర్‌బీ కళ్లు పోతున్నాయి. ఆమెను ఆ పొగలోంచి లేపాలి, వలికి ఉన్న కోరిక అదొక్కటే.

నలభై ఆరులో ఆ రైల్వే జట్టే మా మైదానానికి ఆడ్డానికి వచ్చింది. మొదటి సగమంతా వాళ్లు బంతిని కొడుతూనే ఉన్నారు, వలి పడుతూనే ఉన్నాడు. విరామంలో వాళ్ల మ్యానేజరు మా వైపు నడిచొచ్చి, మాకు గోలీ కావాలి, ఈ అబ్బాయి ఎలాంటివాడని త్రినాధరావుని మర్యాదగా అడిగాడు. వలీ నేనూ పక్కనే మంచినీళ్లు తాగుతున్నాం. ఒక్క మంచి మాట అంటే చాలు.

త్రినాధరావు మొహం చిట్లించాడు.

"ఏటుందండీ బాబూ? ఉప్పు దిమ్మ. పైకి రంగే, లోపల సరుకు నేదు."

ఛీ! ఎదుటివాడు కొనడానికొచ్చాడు, ఇక్కడ అమ్మేవాణ్ణి నేను అన్న జ్ఞానమైనా ఆ బుర్రకి తట్టలేదు. అడిగినాయన తలూపి వెళ్లిపోయాడు. వలి గ్లాసు కింద పెట్టి గోలు దగ్గరికి నడిచాడు. ఆట మళ్లీ మొదలవగానే, చంటిపిల్లాడైనా పట్టగల బంతి అతని చేతుల్లోంచి జారిపోయింది. ఓడిపోయాం. చూశారా నేను చెప్పలా అన్నట్టు మా మ్యానేజరు అందరివంకా చూశాడు. నాకు ఒళ్లు మండి, ఎందుకలా అన్నారని నిలదీశాను. పొగిడితే కుర్రాళ్లు పాడైపోతారని నాకే నీతి చెప్పాడు. ఆ తరవాత ఏడాదంతా వలి ఎదురైనప్పుడల్లా ఉప్పు దిమ్మా అనే పిలిచాడు.

రైల్వే ఆయన మాత్రం ఆ మొదటి సగం ఆట మరిచిపోలేదు. మరుసటేడు అనకాపల్లిలో రైలు దిగి, వలి ఎక్కడుంటాడని వాకబు చేశాడు. త్రినాధరావు కంటపడతామేమోనని నేనే ఆయన్ని వెనక సందులోంచి రేకుల కొట్టుకి తీసుకెళ్లాను. మా జట్టులోకి వస్తావా, గోలు కాయగలవా అని ఆయన వలినే అడిగాడు. నాగూర్‌బీ చేతిలో పని ఆపేసింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

వలి చేతిలోని డబ్బా పక్కన పెట్టి మొహం చిట్లించాడు.

"నాదేటుందండీ? పైకి రంగే. లోపల సరుకు లేదు."

త్రినాధరావు ఆ రోజు ఊళ్లో కూడా లేడు.