కారు వాసన చూసే తాతబ్బాయి గారు

తాతబ్బాయి గారు కారుని కళ్ళతో చూడరు, ముక్కుతో చూస్తారు. డోరు తీసి, తల లోపలికి దూర్చి, కాళ్ళ దగ్గరుండే కార్పెట్ అంచు లేపి, గుండెల నిండా వాసన పీలుస్తారు. తరవాత నడుం పట్టుకుని లేచి, కండువాతో ముక్కు తుడుచుకుని, ఎంతో మర్యాదగా అంటారు: "కారు మంచిదేనండీ, ఆయ్. తీసుకోకండి."

అమలాపురంలో ఆయన ఈ మాట అనని సెకండ్‌హ్యాండు కారు లేదు. బస్సు డిపోలో ముప్పయ్యొక్కేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. సొంతానికి ఉన్నది సైకిలు. ఏ వీధిలో ఎవరింటి ముందు పాత కారు ఆగినా, ఇంట్లోవాళ్ళు దానికి దిష్టి తీసే లోపు ఆ సైకిలు అక్కడుంటుంది. పిలుపుతో పనిలేదు.

అల్లవరం రొయ్యల రైతు ఒకాయన మెరిసిపోయే నల్లకారు కొనడానికి బేరం పెట్టుకుంటే, తాతబ్బాయి గారు జేబులోంచి చేతిరుమాల్లో చుట్టిన అయస్కాంతం తీసి డోరుకి అంటించారు. అది జర్రున జారి కిందపడింది.

"ఇక్కడ ఇనుం లేదండీ, అంతా పుట్టీయే. ఎక్కడో గట్టిగా గుద్దేరు. కారు మంచిదేనండీ..." మిగతా సగం వినకుండానే రైతు లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంకోచోట, తన కారు ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందని ప్రమాణం చేస్తున్న పెద్దమనిషిని పక్కకి పిలిచి, బ్రేకు పెడల్ మీద నున్నగా అరిగిపోయిన రబ్బరు చూపించారు. "ఇరవై వేలకే ఇంత అరిగిందంటే, తవరు బ్రేకు తొక్కేరాండీ, దాని మీద నాట్యం చేసేరా?"

ఊరు దీనికి ఒకటే పేరు పెట్టింది: కుళ్ళు. "సొంత కారు లేని మనిషికి పక్కవాడి కారు కంపు కొట్టక చందనం వాసన వస్తుందా?" అనేవాడు కాఫీ హోటలు ధర్మరాజు. ఆ మాటకి అందరికంటే గట్టిగా తలూపేది తాతబ్బాయి గారి ఎదురింటి రామ్‌ప్రసాద్.

కుళ్ళంటే ఏమిటో రామ్‌ప్రసాద్‌కి వేరే చెప్పక్కర్లేదు. కాలేజీలో కామర్స్ చెప్పుకుంటూ, స్కూటరు మీద తిరుగుతూ హాయిగా ఉన్న మనిషే. కిందటి నెల రాజోల్లో అత్తవారింటికి తోడల్లుడు సాయిదుర్గాప్రసాద్ కొత్త తెల్లకారులో దిగాడు. అత్తగారు ఎదురెళ్ళి హారతిచ్చారు, అల్లుడికి కాదు, కారుకి. ఇచ్చాక వెనక్కి తిరిగి, "పెద్దల్లుడు గారూ, తవరి స్కూటరు కాస్త గోడవారకి జరుపుతారాండీ? కారు లోపలికి రావాలి," అన్నారు.

రామ్‌ప్రసాద్ జరిపాడు. ఆ రోజు నుంచీ అతనికి రోడ్డు మీద మనుషులు కనబడటం మానేసి తెల్లకార్లు మాత్రమే కనబడసాగాయి. కొత్తది కొనే తాహతు లేదు. పాతదే అయినా ఎర్రగా, దూరాన్నుంచే కళ్ళలో పడేలా ఉండాలని పట్టుబట్టాడు. నెల తిరిగేసరికి అలాంటిదే దొరికింది. లక్ష్మీప్రసన్న అని అల్లవరంలో టీచరు. ఇంటి పక్క బడికే బదిలీ అయింది, ఇక కారుతో పనిలేదని స్వయంగా నడుపుకొచ్చి గుమ్మం ముందు ఆపింది.

రామ్‌ప్రసాద్ భార్య వాణి కాఫీ కలిపి తెచ్చేలోగా సైకిలు బెల్లు వినిపించింది.

"మాస్టారూ, చూడమంటారా?"

"వద్దండీ," అన్నాడు రామ్‌ప్రసాద్.

"ఆయ్," అని తాతబ్బాయి గారు డోరు తీసి తల దూర్చారు.

వాసన పీల్చారు. ఆగారు. మళ్ళీ పీల్చారు. సీటుబెల్టు పట్టుకుని, చివరిదాకా బయటికి లాగారు. పైన నల్లగా ఉన్న బెల్టు చివర జానెడు మేర గోధుమరంగు చార. వెనక డిక్కీ తీసి, స్టెప్నీ టైరు ఎత్తి, దాని కింద గుంటలో వేలు పెట్టి తీస్తే మెత్తటి ఒండ్రు.

"ఇది ఎక్కడో వరదలో మునిగిందండీ."

లక్ష్మీప్రసన్న ముఖం పాలిపోయింది. "నాకు తెలీదండీ బాబూ! నేనూ పాతదే కొన్నాను. కొన్నప్పుడు లోపలంతా నిమ్మకాయ వాసన ఘుమఘుమలాడిపోయింది."

"అది ఎందుకు కొట్టేరో ఇప్పుడు తెలిసింది కదమ్మా," అన్నారు తాతబ్బాయి గారు మెల్లిగా. తరవాత రామ్‌ప్రసాద్ వైపు తిరిగి, "కారు మంచిదేనండీ, ఆయ్. తీసుకోకండి."

ఆమె కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. ఎర్రకారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసి రామ్‌ప్రసాద్ భగ్గుమన్నాడు.

"మీకు కుళ్ళండీ! నేను కారెక్కితే చూడలేరు!"

"ఆయ్," అని ఆయన సైకిలెక్కారు.

నాలుగు రోజుల తరవాత, ఆదివారం పూట, డాబా మీద బట్టలారేస్తున్న వాణి కిందికి పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ! ఆ ఎర్రకారు తాతబ్బాయి గారి పెరట్లో ఉందండీ!"

రామ్‌ప్రసాద్‌కి చెవుల్లోంచి ఆవిరొచ్చింది. తోడల్లుడి మీద పడ్డ కుళ్ళు దీని ముందు పసిపాప. నాకు వద్దని చెప్పి, తను కొనుక్కుంటాడా! మునిగిందట! మునిగింది నా కొంప! చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి, గేటు తోసుకుని వెళ్ళాడు.

పెరట్లో తాటాకు చాపల మీద, వడియాలెండబెట్టినట్టు, కారు సీట్లూ కార్పెట్లూ ఎండుతున్నాయి. కారు కిందనుంచి తాతబ్బాయి గారి పాదాలు రెండూ బయటికొచ్చి ఉన్నాయి. పక్కన పీట మీద కూర్చుని లక్ష్మీప్రసన్న పాత టూత్‌బ్రష్షుతో వైర్ల కొసలకి పట్టిన చిలుము గీకుతోంది.

అనుకొచ్చిన తిట్లలో మొదటిది రామ్‌ప్రసాద్ బయటికి తీసేలోపే తాతబ్బాయి గారి భార్య మంగాయమ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

"కూర్చోండి మాస్టారూ. ఈయన వద్దన్న ప్రతి కారూ చీకటి పడ్డాక వెనక సందులోంచి మా పెరట్లోకే వస్తుంది. ఆ పుట్టీ డోరుదీ, పెడలు అరిగినదీ, అన్నీ ఇక్కడ బాగుపడి వెళ్ళినవే. మీ గుమ్మంలోంచి ఈ అమ్మాయి వెళ్ళిన సాయంత్రమే సైకిలేసుకుని అల్లవరం వెళ్ళేరు. 'నా నోటితో మీ బేరం పోయిందమ్మా, నా చేతుల్తో బాగుచేసిస్తాను' అన్నారంట."

"ఒకటే షరతండీ," అంది లక్ష్మీప్రసన్న. "కొనేవాళ్ళకి మునిగిన సంగతి దాచకూడదన్నారు."

రామ్‌ప్రసాద్ ఆ రెండు పాదాల దగ్గర చతికిలబడ్డాడు. "ఈ మాట ఊళ్ళో చెప్పొచ్చు కదండీ? అందరూ మీకు కుళ్ళనుకుంటున్నారు. నేనూ... మొహం మీదే అన్నాను."

కారు కిందనుంచి గొంతు తాపీగా వచ్చింది. "నాకు కుళ్ళనుకుంటేనే మంచిది మాస్టారూ. ఫలానావారి కారు పనికిరాదంట అని ఊరంతా పాకిందనుకోండి, బాగుచేసినా దాన్నెవరూ కొనరు. ముసలాడు ఓర్వలేక వాగేడంటే కారుకి మచ్చ రాదు. కొనేవాడికి నేను చెవిలో చెప్పుకుంటాను. ఆ పదమూడో నంబరు స్పానరు ఇలా అందుకుంటారా?"

రామ్‌ప్రసాద్ అందించాడు. ఆ ఆదివారం, తరవాతి రెండు ఆదివారాలు కూడా అందిస్తూనే ఉన్నాడు. వైర్లు మారాయి, ఆయిళ్ళు మారాయి, అడుగున తుప్పు గీకి రంగు వేశారు. మూడో ఆదివారం ఇంజను ఒక్క తాళానికే అందుకుంది.

"తాతబ్బాయి గారూ," అన్నాడు రామ్‌ప్రసాద్, గొంతు సవరించుకుని. "ఇది నేను తీసుకుంటానండీ. సంగతులన్నీ తెలిసే."

"కారు మంచిదేనండీ, ఆయ్."

రామ్‌ప్రసాద్ రెండో ముక్క కోసం ఎదురుచూశాడు. తాతబ్బాయి గారు ముందు డోరు తీసి పక్కసీట్లో కూర్చున్నారు. "కారుని చూసేం. కొనేవారిని చూడొద్దూ? పోనివ్వండి."

కాలవగట్టు మీద అరగంట తిప్పించారు. దారిలో ఒక తెల్లకారు దాటిపోతే రామ్‌ప్రసాద్ కాలు తనంతట తనే యాక్సిలరేటర్ని నొక్కేసింది. తిరిగొచ్చేసరికి రామ్‌ప్రసాద్ చొక్కా తడిసిపోయింది. గేటు దగ్గర ఒకపక్క లక్ష్మీప్రసన్న, ఒకపక్క వాణి ఆత్రంగా నిలబడ్డారు.

తాతబ్బాయి గారు కిందికి దిగి, లక్ష్మీప్రసన్నతో గుసగుసగా, వీధంతా వినపడేలా అన్నారు:

"మనిషి మంచోరేనమ్మా. క్లచ్ మీంచి కాలు తియ్యరు, అది చెప్తే మానతారు. లోపల కాస్త కుళ్ళుంది, తెల్లకారు కనబడితే బయటికొస్తోంది. పర్లేదు, పైపైనే ఉంది, అడుగుదాకా దిగలేదు. ఇచ్చెయ్యండి."

ముందుగా నవ్వింది రామ్‌ప్రసాదే.