ఇంజను ఆగినా ఆగని చల్లగాలి

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు గయ్యిమని లేచేది నేనే. ఎవరికో గాలి సోకిందంటే, ముందు అన్నం తిన్నదో లేదో అడగండి అనేదాన్ని. పాలమూరులో బట్టలు కుట్టుకుని బతికినదాన్ని. మిషన్ ఆగితే బెల్టు తెగిందా, దారం చిక్కిందా అని చూస్తాను తప్ప ఇంకో ఆలోచన రాదు. ఇప్పటికీ మంత్రగాళ్లను గడప తొక్కనివ్వను. కానీ తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, పట్టపగలు, నా కళ్ల ముందు జరిగినదాన్ని మాత్రం లేదనలేను.

మా చెల్లె సుగుణ పాలమూరు దవాఖానలో ఆడపిల్లను కన్నది. ఆపరేషన్ కాన్పు. అచ్చంపేటలోని తల్లిగారింటికి తీసుకుపోవాలి. బస్సు కుదుపులకు కుట్లు తట్టుకోవని, సుగుణ పెనిమిటిని, అంటే మా మరిదిని, పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు తన అంబాసిడర్ కారు పంపాడు. అందులో ఏసీ ఉంది. అప్పట్లో మా వైపు ఏసీ కారంటే జనం ఆగి చూసేవాళ్లు. హైదరాబాదులో ఎవరి దగ్గరో కొన్న పాత బండి అది. నాకు చూడగానే నచ్చలేదు. కారణమేమీ లేదు. కొందరు మనుషులు మొదటి చూపుకే గిట్టరు చూడండి, అలాగే.

బాలింతకు చల్లగాలి తగలకూడదు. మా దగ్గర దీనికి తిరుగు లేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మండుటెండల్లో కూడా మంచం కింద కుంపటి. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ కారెక్కుతూనే డ్రైవర్ ఖాజాను హెచ్చరించింది.

"ఓ ఖాజా, గా చల్లగాలి పెట్టెను ముట్టకు. నా మన్మరాలికి గాలి తగిలిందంటె నిన్ను ఊకోను."

"ముట్టనవ్వా. మీరే ఉడికిపోతరు," అన్నాడతను. డాష్‌బోర్డు కింద ఉన్న ఏసీ బటన్ బందు చేసి ఉందని నాకు కూడా చూపించాడు.

అవ్వ అద్దాలన్నీ ఎక్కించింది. నా వైపు అద్దం నేను దించితే, చెయ్యి చాచి మళ్లీ ఎక్కించింది. కల్వకుర్తి దాకా ఇద్దరం దాని మీదే కొట్లాడుకున్నాం. నాకు ఒళ్లు మండిపోయింది, సగం ఎండకు, సగం అవ్వకు.

కల్వకుర్తి దాటాక రేడియేటరు పొగలు కక్కింది. ఖాజా ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బానెట్ ఎత్తిపెట్టి, డబ్బా పట్టుకుని దగ్గర్లోని వ్యవసాయ బావికి నీళ్ల కోసం పోయాడు. అవ్వ, నేను దిగాం. సుగుణను మాత్రం అవ్వ దిగనివ్వలేదు. మిట్టమధ్యాహ్నం పురిటిబిడ్డను ఊరిబయట నేల మీదికి దించితే ఏదో ఒకటి సోకుతుందట.

"తలుపన్న తెరువు అవ్వా, లోపల సచ్చిపోతరు," అన్నాను.

"నువ్వు కన్నవా, పెంచినవా? నీకేం దెల్సు, నోర్ముయ్," అన్నది.

పిల్లల్లేని నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కాస్త దూరంలో ఉన్న తుమ్మచెట్టు నీడలో ఇద్దరం చెరోవైపు తిరిగి కూర్చున్నాం.

కాసేపటికి దబదబమని చప్పుడైంది. చెల్లె రెండు చేతులతో అద్దాన్ని బాదుతోంది. పరుగెత్తాను. ఆమె వైపు అద్దం మామూలుగానే ఉంది. సీటు మీద పిల్లను పడుకోబెట్టిన వైపు అద్దానికి మాత్రం ఆవిరి పట్టి నీళ్లు కారుతున్నాయి.

లోపలి పిడి తిరగలేదని సుగుణ తర్వాత చెప్పింది. నేను బయటనుంచి లాగితే తలుపు ఇట్టే వచ్చేసింది. పొయ్యి మూత తీసినట్టు వేడి నా ముఖానికి కొట్టింది. చెల్లె జాకెట్ చెమటకు తడిసి ముద్దయింది. ఆమె సీటు మీదినుంచి ఎత్తి నాకు చాచిన పిల్ల మాత్రం మంచుగడ్డలా ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఏడుపు లేదు, కదలిక లేదు.

అవ్వ పిల్లను లాక్కుని, చుట్టిన గుడ్డలన్నీ విప్పి పారేసి, రొమ్ముకు అదుముకుని రోడ్డు పక్కన నడి ఎండలో కూలబడింది. ఏ నేలకు భయపడి పిల్లను దించనివ్వలేదో ఆ నేల మీదే.

అప్పుడే ఖాజా నీళ్లతో వచ్చాడు. ఏసీ ఎందుకు పెట్టావని అతని మీద పడ్డాను.

"అల్లా కసమ్ అక్కా! ఇంజనే బందున్నది గద. ఇంజను నడవకుంట ఏసీ ఎట్ల నడుస్తది?" అంటూ జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు.

అతని మాట నిజమే. బానెట్ ఎత్తే ఉంది. బెల్టు తిరగడం లేదు, నేనే చూశాను. ఫ్యాను చప్పుడు కూడా లేదు. ఖాజా ఏసీ పెట్టె ముందు చెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. నేనూ పెట్టాను. గాలి సన్నగా, ఎముకలు కొరికేటంత చల్లగా వస్తోంది. అతను పోయి బ్యాటరీ తీగ పీకేశాడు. అయినా ఆగలేదు.

"తౌబా, తౌబా," అంటూ అతను వెనక్కి జరిగాడు.

ఇక్కడినుంచి రాయడానికి నాకే భయం. ఆ చల్లదనం కారంతా పరుచుకోలేదు. సీట్ల మధ్యనుంచి ఒక్క పాయగా వచ్చి, తెరిచిన తలుపులోంచి బయటికి పోతోంది. పక్కకు చెయ్యి జరిపితే వేడి. ఆ పాయ వెంటే చెయ్యి పెట్టుకుంటూ పోయాను. అది సూటిగా పిల్లను ఎత్తుకున్న అవ్వ మీదికి పోతోంది. "అవ్వా, జరుగు!" అని అరిచాను. అవ్వ పిల్లతో సహా కారు వెనకవైపుకు జరిగింది. నా చేతి కింద చల్లగాలి కూడా అటే తిరిగింది.

నాకు భయం కంటే ముందు కోపమొచ్చింది. "నీ పాడెగట్ట!" అని తిట్టి, రెండు చేతులతో తలుపు ధడేల్మని మూశాను. అవ్వ ఒళ్లో పిల్ల కెవ్వుమన్నది.

మళ్లీ ఆ కారెక్కలేదు. అచ్చంపేట బస్సొస్తే చెయ్యెత్తి ఆపాం. కిటికీలన్నీ తెరిచి ఉన్నా అవ్వ ఒక్కటీ మూయలేదు. దారిపొడుగునా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఖాజా ఒక్కడే బండిని వాపసు తీసుకుపోయాడు. ఆ తర్వాత అతను ఆ బండి స్టీరింగ్ ముట్టలేదని మా మరిది చెప్పాడు.

ఎండదెబ్బకు పసిపిల్లల చేతులు కాళ్లు చల్లబడతాయని ఒక డాక్టరు అన్నాడు. పైపుల్లో మిగిలిన చల్లదనమేమో అని ఒక మెకానిక్ అన్నాడు. పాలమూరు నుంచి అసలు ఏసీ వేయనేలేదంటే మాట మార్చాడు. వాళ్లను తప్పుపట్టను. వాళ్ల చోట నేనున్నా అదే అందును.

సుగుణ మాత్రం ఆ గాలి ఎట్లా వచ్చిందని ఎప్పుడూ అడగలేదు. అచ్చంపేట చేరిన మర్నాడు పిల్లకు పాలిస్తూ ఒక్కటే అడిగింది.

"నన్నైతె ముట్టలే అక్కా. పిల్లను ఇటు మార్చుకుంటె ఇటొచ్చింది, అటు మార్చుకుంటె అటొచ్చింది. ఇంక పేరు గూడ పెట్టలేదు దీనికి. గింత పిల్లతోని దానికేం పగ?"

నేను పిల్లను అందుకుని నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ఆ పిల్లకు ఇప్పుడు తనకే ఒక బిడ్డ. ఆ బిడ్డను ఏ కారెక్కించినా, ముందు నేను ఏసీ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను.